ప్రైమరీల కిట్, నాలుగున్నరేళ్ళు వాడాక

2020 జనవరిలో మా పాపకి అమెరికా ప్రెసిడెంట్ ప్రైమరీలంటే (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందే తేల్చే ఎన్నికలు) ఏంటో చెప్దామని కొన్నా ఈ ఆట కిట్‌ని. మ్యాప్, పార్టీ గుర్తులు గాడిద, ఏనుగు బొమ్మలు, అట్ట బ్యాలెట్ బాక్స్, ఇవి ఇలాంటి ప్రతి కిట్‌లో ఉండేవే, వదిలేయండి. నేను చెప్పేది డెలిగేట్ బిళ్ళల గురించే, వచ్చిన ఓట్లని బట్టి అభ్యర్థులకి పంచేవి. క్యారమ్స్ కాయిన్ అంత మందం, పారేస్తే టక్కుమని చప్పుడు, పిల్లలు అస్సలు వదలరు.

ఫిబ్రవరి మొదట్లో పాప బర్త్‌డేకి పన్నెండు మంది చేరారు, లంచ్ ఏం కావాలని గొడవ, సరే అయోవా రాష్ట్రంలోలా కాకస్ (ఎవరికి నచ్చినదాని వైపు వాళ్ళు వెళ్ళి నిలబడి లెక్క తేల్చడం) ఆడదాం రండని హాల్లో నాలుగు మూలలా నిలబెట్టా. పిజ్జాకి 5, బిర్యానీకి 4, నూడుల్స్‌కి 2, పులిహోర మూలలో ఒక్కడే. అప్పటి డెమొక్రాట్ల రూల్ ప్రకారం 15 శాతం రాకపోతే వేరే మూలకి పోవాలి. ఇంక చూడండి, అందరూ వాడి మీద పడ్డారు, ఒకడు చాక్లెట్ ఇస్తానంటాడు, ఇంకోడు నీ పక్కనే కూర్చుంటానంటాడు, వాడు చాలాసేపు ఆలోచించి "అదీ రైసే కదా" అని బిర్యానీ వైపు నడిచాడు. 5, 5, 2. పాతిక బిళ్ళలు పంచితే చెరో పది, నూడుల్స్‌కి నాలుగు, ఒకటి మిగిలింది. టాస్ వేశాం, పిజ్జాకి పోయింది. అయోవాలో కూడా సమానమైతే టాసే వేస్తారంటే ఒక్కడూ నమ్మలా. అదే వారం అక్కడ లెక్కలు పంపే యాప్ మొరాయించి ఆ రాత్రికి రిజల్టే రాలేదు, మాకు పావుగంటలో వచ్చింది!

ఖమ్మం నుంచి వీడియో కాల్లో చూస్తున్న అమ్మ "టికెట్ ఎవరికివ్వాలో కూడా జనమే ఓటేస్తారా? మరి హైకమాండ్ ఏం చేస్తది, బీ ఫారం ఎవరిస్తరు?" అంది. కిట్‌లో బుక్కు కంటే ఆ ప్రశ్నే నయం, అప్పట్నుంచి పాపకి టికెట్ కోసం జరిగే ఎలక్షన్ అనే చెప్తున్నా.

అప్పట్లో కనబడిన ప్రతివాళ్ళకీ కొనమని చెప్పా. ఇప్పుడైతే కాస్త ఆగి చెప్తా.

2024లో ముందు, ఏ రాష్ట్రం తర్వాత ఏదో చూపే క్యాలెండర్ చక్రం పనికిరాకుండా పోయింది. రిపబ్లికన్లు జనవరి 15న అయోవాలోనే మొదలెట్టారు, డెమొక్రాట్లేమో సౌత్ కరోలినాని ముందుకి తెచ్చారు, చక్రానికి ఉన్నది ఒకటే ముల్లు. అదేం పెద్ద విషయం కాదు, పేపర్ ప్లేట్‌తో కొత్తది చేసుకున్నాం. జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు చూడండి, అక్కడ ఇరుక్కున్నా. పాప బైడెన్ డబ్బాలో పేర్చిన దొంతర పట్టుకొచ్చి "ఇవిప్పుడు ఎవరివి?" అంది. బుక్కులో ఒక్క ముక్క లేదు. ఇంకో డబ్బా మీద వైస్ ప్రెసిడెంట్ హారిస్ పేరు రాసి అందులో వేసెయ్ అన్నా. "వేసెయ్ అంటే ఎలా, ఎవరు చెప్పారు?" అంది. ఇన్నేళ్ళూ నేను మెచ్చుకున్న బిళ్ళల వల్లే పాప డెలిగేట్లంటే పాయింట్లు అనుకుంటోందని అప్పుడు తెలిసింది. కాదమ్మా, వాళ్ళు మనుషులు, పేరూ ఊరూ ఉంటాయి, అభ్యర్థికి చివర్లో ఓటేసేది వాళ్ళే అని చెప్పా. ఆగస్టు మొదట్లో వాళ్ళు ఆన్‌లైన్‌లో హారిస్‌కి ఓటేసేదాకా ఆ దొంతర నన్ను ముట్టుకోనివ్వలా.

కొనొచ్చా అంటే, ఇంటికొచ్చే పిల్లలుంటే కొనండి, ఒక్కరే అయితే కాకస్ ఆడలేరు. మాది టెక్సస్, ఇక్కడ పార్టీ రిజిస్ట్రేషన్ ఉండదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవడమే, కాబట్టి కిట్‌లో ఉన్న పార్టీ రిజిస్ట్రేషన్ కార్డులు మాకు దండగ. పైగా నేనింకా గ్రీన్ కార్డ్ లైన్లోనే ఉన్నా, నాకు ఓటు లేదు, ఉన్నవాళ్ళు పిల్లల్ని బూత్‌కి తీసుకెళ్తే ఈ కిట్ అవసరమే రాదేమో.

బిళ్ళలు మాత్రం ఎవరికీ ఇవ్వం. పాప వాటి వెనక స్కెచ్‌తో ఒక్కోదానికీ పేరూ ఊరూ రాసేసింది, ఒకదాని మీద అమ్మమ్మ, ఖమ్మం అని ఉంది.