మొండి కుంగుబాటుకు పాత మందుల్లో ఏది మేలు?

తగిన మోతాదులో, తగినన్ని వారాలు వాడిన రెండు మందులకైనా లొంగని కుంగుబాటును వైద్యులు మొండి కుంగుబాటుగా పరిగణిస్తారు. ఆ దశలో సైకియాట్రిస్టు ట్రైసైక్లిక్ అనే పాత తరం కుంగుబాటు మందుల్లో ఒకటైన అమిట్రిప్టిలిన్ రాస్తే, హైదరాబాదు ఇళ్లలో తరచూ వినిపించే మాట, "ఇది అమ్మమ్మకు అరికాళ్ల మంటలకు ఇచ్చిన మాత్రే కదా!" అని. నిజమే, దాన్ని నరాల నొప్పికి రాత్రిపూట 10 లేదా 25 మిల్లీగ్రాములు ఇస్తారు. కుంగుబాటుకు మాత్రం సాధారణంగా 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా మెల్లగా పెంచవలసి ఉంటుంది కనుక, ఆ చిన్న మాత్రతో గుణం కనిపించలేదన్నవారు మందును సరిగా వాడి చూసినట్లు కాదు.

అమిట్రిప్టిలిన్ బలానికి వంక పెట్టలేము. నిద్ర కరవైనవారికి దాని మత్తు కలిసివస్తుంది కూడా. అయితే నోరెండటం, మలబద్ధకం, బరువు పెరగటం, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవారికి మూత్రం బిగియటం దానితో ఎక్కువ. చెమటను తగ్గించి, లేచి నిలబడగానే బీపీని పడగొట్టే మందును మే నెల ఎండల్లో మొదలుపెట్టేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

నా మొగ్గు నార్‌ట్రిప్టిలిన్ వైపు. అమిట్రిప్టిలిన్ నుంచి మన కాలేయమే తయారుచేసే ఈ మందుకు పై ఇబ్బందులన్నీ తక్కువ పాళ్లలో ఉంటాయి. రక్తంలో దీని స్థాయి మిల్లీలీటరుకు 50–150 నానోగ్రాముల మధ్య ఉండాలి. అంతకు మించితే గుణం పెరగకపోగా తగ్గవచ్చు. అమెరికాలో జరిగిన స్టార్-డి పరిశోధన మూడవ దశలో దీనితో కోలుకున్నవారు సుమారు 20 శాతం, మరో రకం కుంగుబాటు మందు మిర్టజపిన్‌తో 12 శాతం. ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు, ఆ 20 శాతం కూడా ఘనమైన సంఖ్యేమీ కాదు; అయినా ఇంతకుముందు రెండు మందులు విఫలమైనవారికి అది చిన్న విషయం కాదు.

1950లలో స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ గుణం గుర్తించిన ఇమిప్రమిన్ ఈ ట్రైసైక్లిక్ కుటుంబానికి పెద్దన్న, కానీ బీపీ పడిపోయే బెడద దీనికీ ఉంది. చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ తోడైతే ఇదే కుటుంబంలోని క్లోమిప్రమిన్‌దే ముందు వరుస.

ఏది ఎంచుకున్నా, ముఖ్యంగా నలభై దాటినవారికీ గుండెజబ్బు ఉన్నవారికీ ముందు ఈసీజీ తీయించాలి. కుంగుబాటుకు వాడే మరో మందు ఫ్లూఆక్సిటిన్ మానేసి కొద్ది వారాలే అయితే ఆ సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి. అది ఒంట్లో నిలిచి ఉన్నంతకాలం ఈ మందుల స్థాయిని పెంచుతుంది. మోతాదు మించితే ఇవి గుండె లయను దెబ్బతీసి ప్రాణాల మీదికి తెస్తాయి. అందువల్ల చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నవారికి ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు కొనకుండా వారానికి సరిపడా మాత్రమే తెచ్చి, ఇంట్లో మరొకరి చేతిలో ఉంచాలి.