బొమ్మల క్లాసా, మామ్మల అరుగా: ఏది మేలు?

కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచని రోజులు నాకు దాదాపు రెండేళ్లు నడిచాయి. చెయ్యి ఆడేది, బొమ్మ వచ్చేది, కానీ చూసుకుంటే ఎవరి హోంవర్కో నేను చేసిపెట్టినట్టు ఉండేది. అప్పుడు రెండు దారులు పట్టాను. ఒకటి, శ్రీకాకుళంలో మా ఇంటికి దగ్గర్లో ఆదివారాలు నడిచే డ్రాయింగ్ క్లాసు. రెండోది, పొందూరులో మా పిన్ని వాళ్ల వీధి అరుగుల మీద ఖద్దరు కోసం పత్తి ఏకే మామ్మలు. ఫోన్‌లో వీడియోలు చూస్తే చాలదా అని కొందరన్నారు. చూశాను. చూసినంతసేపూ బాగుంటుంది, పెన్సిలు మాత్రం కదలదు. దాన్ని పక్కన పెడదాం.

క్లాసు సంగతి ముందు. నెలకు 800 రూపాయలు, వారానికి రెండు గంటలు. క్రమం అలవాటవుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే మనిషి పక్కనే ఉంటారు. మా మాస్టారు నేర్పిన ఒక్క సంగతికే ఆ ఫీజు చెల్లిపోయిందని నమ్ముతాను. కుర్చీ ఎదురుగా పెట్టి, "కుర్చీని గీయకండమ్మా, దాని కాళ్ల మధ్య ఖాళీని గీయండి" అన్నారు. ఖాళీ కుదిరేసరికి కుర్చీ దానంతట అదే నిలబడింది. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే ఇది నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

లోటు ఏమిటంటే, పన్నెండు మందిమీ ఒకే ఫొటోకి గళ్లు గీసుకుని ఒకే బుద్ధుణ్ణి దించాం. పన్నెండూ బాగానే వచ్చాయి. అందులో నాది ఏదో వెతుక్కోవడానికి కాసేపు పట్టింది. చేతిలో ఎప్పుడూ రబ్బరే. తప్పు పోతుందేమోనన్న టెన్షన్‌లో గీసినదానికన్నా చెరిపిందే ఎక్కువ.

ఇక పొందూరు. అక్కడ పత్తిని ఏకేది వాలుగ చేప దవడతో. వేలెడంత ఎముకకి సన్నటి పళ్లు వరుసగా ఉంటాయి. దాన్ని గింజ చుట్టూ ఉన్న దూది మీద మెల్లగా లాగితే నలుసులు రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు వాలతాయి. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. నేను కూర్చున్న అరుగు మీద మామ్మకి డెబ్బై దాటాయి. మోచేతి దాకా పచ్చబొట్లు. పని మధ్యలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతుంది. నోటి క్యాన్సర్ తెచ్చే అలవాటది, అందుకే మానెయ్యమని రెండుసార్లు చెప్పాను. "నీకు బొమ్మలు గీయొద్దని నాను సెప్పేనేటే?" అంది.

మూడో రోజు ఆమె బొమ్మ గీసి చూపించాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇదెవులే? నా మొకం ఇలగుంటదేటి? ముడతలేవి? ఇవి రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. నువ్వొచ్చి ఒక్క పూటలో తుడిచీసావు."

ఆ మాటకి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అందంగా ఉండాలని నేను చెరిపేసింది ఆమె బతుకుని. క్లాసులో ఎవరూ నాతో ఆ మాట అనలేదు, అనలేరు కూడా. గీయించుకునే మనిషి ఎదురుగా కూర్చుని, సిగ్గూ మొహమాటం లేకుండా తన ముఖం తనకి కావాలని అడిగినప్పుడే అది తెలుస్తుంది.

అరుగుకీ ఇబ్బందులున్నాయి. అక్కడ ఎవరూ కదలకుండా కూర్చోరు, మన చేతిని దిద్దరు. బస్సులో వెళ్లి వచ్చేసరికి రోజంతా పోతుంది. మొదటిరోజే పుస్తకం తీస్తే వాళ్లకి నచ్చదు. ముందు పక్కన కూర్చుని నాలుగు గింజలు తీసిపెట్టాలి, బొమ్మ గీయొచ్చా అని అడగాలి.

క్లాసూ, సొంత బతుకూ రెండూ కలిసిన చిత్రకారిణి జోధయ్యా బాయి బైగా. మధ్యప్రదేశ్‌లో ఉమరియా జిల్లా ఆవిడది. కూలి పని చేసుకుని బతికి, డెబ్బై ఏళ్ల దగ్గర ఒక మాస్టారి దగ్గర మొదటిసారి కుంచె పట్టారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆవిడ క్లాసుకి వెళ్లారు నిజమే, కానీ బొమ్మల్లో కనిపించే అడవీ జంతువులూ క్లాసు ఇచ్చినవి కావు. మన వైపు చూస్తే, బొబ్బిలికి చెందిన అంట్యాకుల పైడిరాజు గారు మద్రాసులో చిత్రకళ చదువుకుని వచ్చి విజయనగరంలో బొమ్మల బడి నడిపారు. చదువు మద్రాసుది, ఆయన బొమ్మల్లో ఉన్నది పల్లెటూరి ఆడవాళ్లు.

అందుకే నా తీర్పు ఇది. పెన్సిలు పట్టడమే కొత్తయితే ముందు మూడు నెలలు క్లాసుకి వెళ్లండి, అరుగు ఎక్కడికీ పోదు. చెయ్యి వచ్చి మనసు మొద్దుబారితే మాత్రం ఇంకో క్లాసులో చేరకండి. మీ వీధిలో ఎవరికీ జడవని ముసలమ్మ ఎవరో చూసి, ఆవిడ పక్కన కూర్చోండి. నాకైతే అరుగే మేలు చేసింది. కానీ పోయినసారి పొందూరు మామ్మ మోచేతికీ మోకాలికీ మధ్య ఖాళీని ముందు గీసి, తర్వాత మనిషిలోకి వెళ్లాను. ఆ కుర్చీ పాఠం లేకపోతే వంగిన ఆ నడుము కాగితం మీదికి వచ్చేది కాదు.

బొమ్మ చూసి మామ్మ, "నడుం నాదే. మొకం ఇంకా నాది కాదు" అంది. ముడతల కోసం మెత్తగా, నల్లగా గీసే 6బి పెన్సిలు కొన్నాను. ఈ ఆదివారం క్లాసు మానేసి పొందూరు బస్సెక్కుతున్నాను.