తెర తుడవడానికి, రంగులకు: సీఎల్ఎస్సా, ఎస్కేప్ కోడ్‌లా, కర్సెస్సా?

నాగార్జునసాగర్ నీటిమట్టాన్ని, ఇన్‌ఫ్లోను ఒకే లైన్లో మారుస్తూ, 590 అడుగుల పూర్తి మట్టం దగ్గరపడగానే ఎర్రగా చూపే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. నల్లగొండ కాలేజీ ల్యాబ్‌లో విండోస్, ఇంట్లో ఉబుంటు. రెండుచోట్లా నడవాలి.

టర్బో సీతో మొదలుపెట్టినవాళ్లకు తెర తుడిచే ఫంక్షన్ అలవాటు. అదే చేత్తో పైథాన్‌లో ఓఎస్ డాట్ సిస్టమ్‌తో సీఎల్ఎస్ పిలుస్తారు. ఉబుంటులో 'నాట్ ఫౌండ్' అని వస్తుంది, అక్కడ కమాండ్ పేరు క్లియర్. ఇఫ్ పెట్టి రెండూ రాసినా, తుడిచిన ప్రతిసారీ కొత్త షెల్ పుడుతుంది, తెర మిణుకుమంటుంది. రంగులు ఎలాగూ రావు. ల్యాబ్ రికార్డుకు సరిపోతుందేమోగానీ ఈ పనికి వద్దు.

ఎస్కేప్ కోడ్‌లే మేలు. రంగు మార్చు, తుడిచెయ్ అని తెరకు చెప్పే అక్షరాల వరుసలివి. ఎస్కేప్ అనే 27వ నంబరు క్యారెక్టర్, అంటే పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ 033, దాని వెంటనే [ గుర్తు, 31, చిన్న ఎమ్ పంపితే ఎరుపు. 31 బదులు 0 పంపితే మామూలు రంగు. ఇది మరిస్తే ప్రోగ్రామ్ ముగిశాక ప్రాంప్ట్ కూడా ఎర్రగానే ఉంటుంది. లైన్ తిరగరాయడానికి ముందు కర్సర్‌ను లైన్ మొదటికి తెచ్చే బ్యాక్‌స్లాష్ ఆర్, తర్వాత అంకె, చివర ఎస్కేప్, [, పెద్ద కే. లైన్లో మిగిలినది చెరిపే ఆ కే చాలా ముఖ్యం. అది లేకుండా ఇన్‌ఫ్లో 100000 క్యూసెక్కుల నుంచి 98000కు తగ్గితే, పాత సున్నా ఒకటి చెరగకుండా మిగిలి తెర మీద 980000 కనిపిస్తుంది! ప్రింట్‌లో ఎండ్ ఖాళీగా ఉంచి, ఫ్లష్ ట్రూ పెట్టండి. లేకపోతే అంకెలు బఫర్లోనే ఆగుతాయి.

విండోస్‌లో రంగుకు బదులు ←[31m‌ లాంటి చెత్త వస్తే కోడ్ తప్పు కాదు. పాత కన్సోల్ విండో ఈ కోడ్‌లను చదవడం లేదు. విండోస్ 10 నుంచి ఆ సౌకర్యం ఉంది, కానీ ప్రోగ్రామే దాన్ని ఆన్ చేయాలి. పిప్‌తో తెచ్చుకునే కలరామా లైబ్రరీ 0.4.6లో జస్ట్ ఫిక్స్ విండోస్ కన్సోల్ అనే ఫంక్షన్‌ను మొదట్లో ఒక్కసారి పిలిస్తే చాలు, ఉబుంటులో అది ఏమీ చేయదు. ఔట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లిస్తే కోడ్‌లు అందులోనూ పడతాయి. అందుకే ముందు ఔట్‌పుట్ తెరకే వెళ్తోందా అని చెప్పే ఈజ్ ఎ టీటీవై అడిగి, ఫాల్స్ వస్తే రంగులు ఆపేయండి.

బాణం కీలతో మెనూ, తెరను భాగాలుగా విడగొట్టడం కావాలంటేనే కర్సెస్, అంటే తెర మొత్తాన్ని నడిపే పైథాన్ మాడ్యూల్. విండోస్ పైథాన్‌తో అది రాదు, విండోస్-కర్సెస్ విడిగా పిప్ చేయాలి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగితే టైప్ చేసింది కనిపించదు. ఉబుంటులో గుడ్డిగానే రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కర్సెస్‌లోని ర్యాపర్ ఫంక్షన్ లోపల రాస్తే ఆ తిప్పలే ఉండవు.

తెలుగు పేర్ల పట్టికకు మాత్రం ఇంకో జాగ్రత్త. 'నల్లగొండ' కంటికి నాలుగు అక్షరాలు, పైథాన్ లెన్‌కు 8. ఆ లెక్కతో ఖాళీలు నింపితే నిలువు వరుస పక్కకు జరుగుతుంది. ఖాళీలు లెక్కపెట్టకుండా ఎస్కేప్, [, 20, పెద్ద జీ పంపి కర్సర్‌ను నేరుగా 20వ గడిలో నిలబెట్టి అంకె రాయండి.