టోక్యోలో ఒకోనోమియాకి: అట్లకాడ ఎవరి చేతిలో ఉంటే మేలు?

ఉద్యోగం మీద టోక్యోకు కొత్తగా వచ్చినవారు, పిల్లల దగ్గర నెలరోజులు గడపడానికి వచ్చిన పెద్దలు, రెండు రోజుల పని మీద వచ్చి ఒక్క సాయంత్రం ఖాళీ దొరికిన స్నేహితులు, అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఊళ్ళో ఒకోనోమియాకి ఎక్కడ తింటే బాగుంటుంది? అడిగేవారికి అది ఏమిటో తెలుసు. క్యాబేజీ తరుగు, గోధుమపిండి, గుడ్డు కలిపి ఇనుప పెనం మీద మందంగా కాల్చి, పైన తీపీ పులుపూ కలిసిన నల్లని సాస్ పూసి ఇచ్చే ఆ రొట్టెను చిత్రాలలోనైనా చూసే ఉంటారు. వారికి కావలసింది ఊరూ పేరూ మాత్రమే. మొన్న మా మామయ్య, అత్తయ్య వచ్చినప్పుడు నాకూ అదే చిక్కు ఎదురైంది. వారికి ఉన్నది ఒకే ఒక్క పూట కాబట్టి ఒక్క చోటే ఎంచుకోవలసి వచ్చింది.

టోక్యోలో ఈ వంటకం దొరికే చోట్లు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో పిండి, క్యాబేజీ, గుడ్డు, మాంసమో రొయ్యలో ఒక గిన్నెలో వేసి మన బల్ల మీద పెట్టి వెళ్తారు. బల్ల మధ్యలో బిగించి ఉన్న తెప్పన్ అనే ఇనుప పెనం మీద మనమే పోసుకుని, మనమే తిరగేసుకుని, మనమే సాస్ పూసుకుని తినాలి. రెండో రకంలో పెద్ద పెనం వెనుక నిలబడిన వంటమనిషి అంతా చేసి మన ముందుకు జరుపుతారు, మనం తినడమే తరువాయి. సామాన్యంగా అందరూ ధరనూ, పేరునూ, స్టేషను నుంచి ఉన్న దూరాన్నీ పోల్చి చూస్తారు. ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఒక రొట్టెకు సుమారు 1,000 నుంచి 2,000 యెన్‌ల మధ్య అవుతుంది. నా లెక్కలో మిగిలిన వాటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అట్లకాడ ఎవరి చేతిలో ఉండాలన్న విషయం.

ఎందుకంటే ఒకోనోమియాకిలో పిండి కన్నా క్యాబేజీ చాలా ఎక్కువ. పిండి ఆ తరుగును ఒకచోట పట్టి ఉంచడానికి మాత్రమే. లోపలి క్యాబేజీ తన నీటి ఆవిరిలో తానే మగ్గి, తియ్యగా మారి, మెత్తబడాలి. బయటి పొర మాత్రం పెళుసుగా ఎర్రగా కాలాలి. ఈ రెండూ ఒకేసారి జరగాలంటే కొన్ని చిన్న జాగ్రత్తలు తప్పనిసరి. గిన్నెలోని సరుకును పోసే క్షణానికి ముందు మాత్రమే కలపాలి. ముందే కలిపి ఉంచితే క్యాబేజీ నీరు వదిలి పిండి పలచబడుతుంది. కలిపేటప్పుడు చెంచాతో గిరగిరా తిప్పకుండా అడుగు నుంచి పైకి ఎత్తి ఎత్తి కలపాలి, గాలి లోపలికి చేరాలి. చాలా చోట్ల పిండిలో పెండలం జాతికి చెందిన నాగాయిమో అనే దుంప తురుము కలుపుతారు, ఆ జిగురు ఈ గాలిని పట్టి ఉంచుతుంది. సుమారు 200 డిగ్రీల వేడి మీద, అంగుళానికి కాస్త తక్కువ మందంతో గుండ్రంగా పోసి, నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేసి, ఒక్క విసురులో తిరగేయాలి. తిరగేశాక అట్లకాడతో నొక్కకూడదు. నొక్కితే లోపలి ఆవిరీ గాలీ బయటికి పోతాయి, రొట్టె పిండిముద్ద అవుతుంది.

మన చేతులకు ఇక్కడే కష్టం. అట్టు పోసే చేతికి గరిటెతో పలచగా పరచడం అలవాటు. చపాతీ కాల్చే చేతికి పొంగిన చోటల్లా అదమడం అలవాటు. నేను ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడాది ఒక దుకాణంలో గిన్నె చేతికి ఇవ్వగానే, ఏళ్ళ తరబడి అట్లు పోసిన ధీమాతో పెనం నిండా పరిచాను, తిరగేసి గట్టిగా అదిమాను. అంచులు మాడాయి, మధ్యలో పిండి పచ్చిగా మిగిలింది, క్యాబేజీ కరకరలాడుతూ నోటికి తగిలింది. ఒకోనోమియాకి అంటే ఇంతే కాబోలు అనుకుని ఆరు నెలలు మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ ఆరు నెలలు పోగొట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎక్కడికి వెళ్ళాలో చెప్పేటప్పుడు నేను ఈ విషయం దగ్గరే ఎక్కువసేపు ఆగడానికి కారణం అదే.

వంటమనిషి చేసి పెట్టే చోట్లలో నేను మొదట చెప్పేది మరునౌచిలోని కిజి. ఇది ఒసాకాలోని ఉమెదా ప్రాంతంలో పేరుపడ్డ దుకాణానికి టోక్యో శాఖ. టోక్యో స్టేషనుకు దక్షిణం వైపు, తోకియా అనే భవనంలో నేల కింది అంతస్తులో ఉంటుంది. నిషి కసాయిలో ఉండే మనవాళ్ళకు తోజాయ్ లైన్‌లో ఓతెమాచి దాకా వచ్చి నడిచివెళ్ళడం తేలిక. భోజన వేళల్లో బయట వరుస ఉంటుంది, కార్యాలయాల వారంతా అప్పుడే వస్తారు. వరుసలో నిలబడడం ఇష్టం లేనివారు మధ్యాహ్నం జనం పలచబడే వేళకు చేరుకోవడం మంచిది. వీలైతే బల్ల దగ్గర కాకుండా పెనానికి ఎదురుగా ఉన్న కౌంటరు దగ్గర చోటు అడగండి. వంటమనిషి చేయి చూడడం ఆ భోజనంలో సగం. పోసిన తర్వాత ఆయన దాన్ని ఎంతసేపు ముట్టుకోకుండా వదిలేస్తారో గమనించండి. ఒకేసారి పక్కపక్కన అరడజను రొట్టెలు కాలుతున్నా దేని వంతు ఎప్పుడో ఆయనకు తెలుసు, అట్లకాడ అంచుతో అడుగు కాస్త ఎత్తి చూసి మళ్ళీ వదిలేస్తారు.

అక్కడ ప్రసిద్ధమైనది మోదన్‌యాకి, అంటే నూడుల్స్‌తో కలిపి కాల్చేది. బయటి నూడుల్స్ కరకరలాడుతూ లోపల గుడ్డు మెత్తగా ఉండే ఆ తేడా ఇంట్లో ఎంత ప్రయత్నించినా నాకు కుదరలేదు. సుజి అన్న మాట కనిపిస్తే అది ఎద్దు స్నాయువు మాంసం, తినని వారు గుర్తుపెట్టుకోవాలి. రొయ్యలు, కణవ చేపలతో చేసినవి అడగవచ్చు. ఇంకొక్క మాట: రొట్టెను పళ్ళెంలోకి తీసుకుని తీరుబడిగా తినడం కన్నా, వేడి పెనం మీదే ఉంచి చిన్న అట్లకాడతో ముక్క కోసి అప్పటికప్పుడు తినడం మేలు. అడుగు చివరి ముక్క దాకా పెళుసుగా ఉంటుంది.

స్వయంగా కాల్చుకునే చోట్లలో సాటిలేనిది అసాకుసాలోని సోమెతారో. 1937లో మొదలైన దుకాణం ఇది. గింజా లైన్‌లో తవారామాచి స్టేషనులో దిగితే కొద్ది దూరమే. ఎత్తైన భవనాల మధ్య ఒక పాత కొయ్య ఇల్లు, ముందు పచ్చని తీగలు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్తే తాతామి చాపలు, పొట్టి బల్లలు, వాటి మధ్యలో వాడి వాడి నున్నబడ్డ ఇనుప పెనాలు. సకగుచి అంగో వంటి రచయితలు ఇక్కడ కూర్చుని తిన్నారు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మన పెద్దలకు కష్టం కాదు, కానీ మోకాళ్ళ నొప్పులు ఉన్నవారిని తీసుకువెళ్ళే ముందు ఒకసారి ఆలోచించండి. ఎండాకాలంలో పెనం వేడి ముఖానికి కొడుతుంది. ఎలా చేయాలో తెలియదని చెబితే పనివారు వచ్చి చూపిస్తారు. మొహమాటపడి ఊరుకోకుండా తప్పక అడగండి. ఇక్కడి షూమాయ్‌తెన్ అనేదాన్ని నేను మరెక్కడా ఇంత బాగా తినలేదు. మోచీ అనే బియ్యపు ముద్దను పలచగా కోసిన ముక్కలను పెనం మీద చతురస్రంగా గట్టులా పేర్చి, మధ్యలో ఖీమా, ఉల్లి కలిపిన పిండి పోసి కాలుస్తారు. మోచీ పొంగి, కరిగి, అంచు అంతా బంగారు రంగు తిరుగుతుంది. దీనికి పెద్ద నేర్పు అక్కరలేదు కాబట్టి కొత్త చేతులకు కూడా బాగా కుదురుతుంది.

సోమెతారో మీద నాకున్న ఇష్టం ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అయినా నిజం చెప్పాలి. ఆ ఇల్లు మరువలేనిదే, కానీ అక్కడ మీరు తినే ఒకోనోమియాకి మీ చేతి ఒకోనోమియాకి. మొదటిసారి తినేవారికి అది ఎలా ఉండాలో తెలియదు. కుదరకపోతే తప్పు చేతిదో వంటకానిదో తేల్చుకోలేరు. రుచి ఎలా ఉండాలో ముందే నాలుకకు తెలిసినవారు వెళ్తే అదే ఇల్లు పదింతలు ఆనందాన్నిస్తుంది.

హరజుకులోని సకురాతెయి కూడా స్వయంగా కాల్చుకునే చోటే. గోడల నిండా రంగుల బొమ్మలు, విశాలమైన హాలు, కుర్రకారు సందడి. పదిమంది కలిసి వెళ్ళే పుట్టినరోజు విందుకు అది సరిపోతుంది. రుచి కోసమే వెళ్ళేవారికి నేను ప్రత్యేకించి చెప్పను.

త్సుకిషిమా సంగతి వేరు. 1892లో సముద్రపు ఒడ్డున మట్టి పోసి పూడ్చి తయారుచేసిన నేల అది. అక్కడి నిషినాకా వీధి పొడవునా వరుసగా మొంజాయాకి దుకాణాలే. నిషి కసాయి నుంచి మొన్‌జెన్ నకాచోలో రైలు మారితే ఓఎదో లైన్‌లో ఒక్క స్టేషను దూరం, అందుకే మనవాళ్ళు చాలామంది మొదట అక్కడికే వెళ్తారు. ఆ దుకాణాలలో ఒకోనోమియాకి కూడా దొరుకుతుంది, కానీ ఆ వీధికి వెళ్ళి దాన్ని అడగడం పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతురిని చూడకుండా రావడం వంటిది. మొంజాయాకి టోక్యో సొంతం. పూర్వం చిరుతిళ్ళ కొట్లలో పిల్లలు పలచని పిండితో పెనం మీద అక్షరాలు రాసుకుని కాల్చుకు తినేవారని, అక్షరం అనే అర్థమున్న మోజి అన్న మాట నుంచి మోజియాకి అనీ, అదే మొంజా అనీ పేరు వచ్చిందని చెబుతారు. ముందు క్యాబేజీ, ఇతర ముక్కలు వేయించి గుండ్రంగా గట్టు కట్టి, మధ్యలో చారులా పలచగా ఉండే పిండినీళ్ళు పోసి, చిక్కబడ్డాక అన్నీ కలిపేసి, గోరంత అట్లకాడలతో పెనానికి అదిమి, అడుగంటిన పొరను గీరుకుని తింటారు. మన ఇళ్ళలో పాలు కాచిన గిన్నె అడుగు గోకు కోసం పోట్లాడుకున్నవారికి ఆ రుచి ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ అదమడం తప్పు కాకపోగా అదే పద్ధతి కాబట్టి మన చేతులకు ఇదే అనువైన వంటకం. ఆ వీధిలో 1950 నుంచి ఉన్న కొందో అనే పాత దుకాణం ఉంది, కొత్తవీ చాలా ఉన్నాయి. అయితే చూడడానికి బాగుండదని, జారుగా ఉంటుందని కొందరు పెద్దలు ముట్టుకోరు. వారిని బలవంతపెట్టకండి.

హిరోషిమా పద్ధతిది పలచని అట్టు మీద క్యాబేజీ గుట్ట, మాంసం, నూడుల్స్, గుడ్డు పొరలు పొరలుగా పేర్చేది. టోక్యోలో దాని కౌంటర్లు అక్కడక్కడా ఉన్నాయి, అన్నిటా వంటమనిషే చేస్తారు. బాగానే ఉంటాయి, కానీ దాని కోసం హిరోషిమాకే వెళ్ళమంటాను. పెద్ద అంగళ్ళ పై అంతస్తులలో ఉండే గొలుసు దుకాణాలు ఆకలి తీరుస్తాయి, నిరాశపరచవు. ప్రత్యేకించి ప్రయాణం కట్టుకుని వెళ్ళవలసినంతటివి కావు.

శాకాహారులు అడిగే ప్రశ్నకు విడిగా సమాధానం చెప్పాలి. మాంసం వేయవద్దంటే సరిపోదు. పిండిని సాధారణంగా ఎండుచేప రసంతో కలుపుతారు, పైన చల్లే గాలికి ఊగే తునకలు బొనీటో చేపవి, సాస్‌లలో కూడా చాలావాటిలో మాంసపు సారం ఉంటుంది. తునకలు వద్దని చెప్పవచ్చు, సాస్ మానవచ్చు, పిండిని మాత్రం చాలా చోట్ల మార్పించలేరు. స్వయంగా కాల్చుకునే చోట కూడా పిండి ముందే కలిపి ఉంటుంది కనుక అక్కడా ఇదే ఇబ్బంది. చేప కూడా తగలకూడదనుకునేవారు కొంబు అనే సముద్రపు నాచు నానబెట్టిన నీటితో ఇంట్లోనే కలుపుకోవడం ఉత్తమం. దానికీ మామూలు గోధుమపిండే కొనండి. ఒకోనోమియాకి కోసమని పొట్లాలలో అమ్మే పిండిలో చేప సారం కలిసి ఉండవచ్చు. గుడ్డు కూడా తినని వారు నాగాయిమో తురుము కాస్త ఎక్కువ వేస్తే రొట్టె విరిగిపోదు.

మామయ్య, అత్తయ్యలను నేను మరునౌచికే తీసుకువెళ్ళాను. ఇద్దరూ గుడ్డు, రొయ్యలు తింటారు, పంది మాంసం తినరు. రొయ్యలు, కణవ వేసినది చెప్పాను. కౌంటరు దగ్గర చోటు దొరికేసరికి అరగంట పైగా పట్టింది. అత్తయ్య యాభై ఏళ్ళుగా దిబ్బరొట్టె కాల్చిన మనిషి. మూత పెట్టకుండా అంత మందం రొట్టె లోపల ఎలా ఉడుకుతుందని ఆవిడ సందేహం. పోయడం నుంచి సాస్ పూయడం దాకా వంటమనిషి చేతుల మీద నుంచి ఆవిడ చూపు మరల్చలేదు. మొదటి ముక్క తిన్నాక, "నొక్కనే లేదు చూశావా, అందుకే లోపల అంత గుల్లగా ఉంది" అంది. మళ్ళీ వచ్చినప్పుడు తన చేత్తో కాల్చుతానని కూడా అంది. వచ్చే వసంతంలో వస్తామన్నారు. ఆ పూటకు సోమెతారో అని ఇప్పుడే అనుకుని ఉంచాను.