ఇంట్లోనే వెన్నుపూస సరిచేసే కోర్సు: డబ్బులు కట్టేముందు ఇది చదవండి

రీల్స్‌లో టక్కు టక్కుమని మెడలు తిప్పే ఆ మహానుభావుడు మీకూ తగిలే ఉంటాడు. "అంబులెన్స్ వచ్చేలోపు మీవాళ్ల వెన్నుపూస మీరే సరిచేయండి" అంటాడే, ఆయనే. మా ఊరికి పెద్దాసుపత్రి దూరం, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, పనికొస్తుందిలే అని 2,999 కట్టాను. క్లాసు మొదలవకముందే సర్టిఫికెట్ వచ్చేసింది, అందులో నా పేరు కూడా తప్పే. ఎంత అడ్వాన్స్‌డ్ కోర్సో చూడండి!

లైవ్‌లో డౌట్లు అడగమన్నాడు. మావైపు తాటిచెట్లెక్కేవాళ్లు ఎక్కువ, మోకు జారి ఎవరైనా కింద పడితే ఏం చేయాలి సార్ అని అడిగాను. చాప మీద పడుకోబెట్టిన కుర్రాడి గడ్డం పట్టుకుని, తల కాస్త లాగి, ఒక్కసారిగా పక్కకు తిప్పి "టక్కుమందంటే పూస కూర్చున్నట్టే, లేచి నడుస్తాడు" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. పడ్డవాళ్ల మెడ అసలు కదపకూడదు కదా సార్, లోపల ఎముక విరిగి ఉంటే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పడిపోవా అన్నాను. నవ్వాడు. "అమ్మా, నేర్చుకోవడానికొచ్చావా, నాకు నేర్పడానికొచ్చావా?" అని మ్యూట్ చేసేశాడు. కింద చాట్ నిండా నవ్వే ఎమోజీలు. నిమిషం తిరక్కుండా గ్రూపులోంచి తీసేశారు. డబ్బులు వెనక్కి ఇమ్మంటే "డిజిటల్ కోర్సుకి రిఫండ్ ఉండదు" అని ఒక మెసేజ్, ఆ వెంటనే బ్లాక్.

డబ్బు పోతే పోయింది, ఆ లైవ్‌లో తలలూపినవాళ్లలో ఎవరో ఒకరు రేపు నిజంగానే ఎవరి మెడో తిప్పుతారు, అదీ నా మంట. ఆ టక్కు శబ్దం కీలులో గ్యాస్ బుడగ వల్ల వచ్చేది, పూస కూర్చోవడం కాదు. మెదడుకు వెళ్లే కొన్ని రక్తనాళాలు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా పోతాయి, గట్టిగా మెలితిప్పితే లోపల చీరుకుని పక్షవాతం రావచ్చు. సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ విరిపించుకునే అన్నలూ, మీకూ కలిపే చెప్తున్నా.

ఎవరైనా పడితే 108కి ఫోన్ చేసి, తల ఎలా ఉందో అలాగే రెండు చేతులతో కదలకుండా పట్టుకోండి. మంటలో నీళ్లో ముంచుకొస్తేనో, ఊపిరి ఆడకపోతేనో తప్ప కదపొద్దు, ఆటోలో ముడిచి కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. నడుం నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం ఆగిపోతే ఏ వీడియో చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

బిల్లు ఇవ్వలేదు కాబట్టి యూపీఐ స్క్రీన్‌షాట్ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇచ్చాను. ఇంకెవరైనా కట్టినవాళ్లుంటే మీరూ ఇవ్వండి.