కారం దోసెకు అయిదు స్టార్లు, టీవీకి మూడు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఉండే ఈ రాత్రి టిఫిన్ హోటల్‌కి నేను పాత గిరాకీని. కారం దోసెకు వంక పెట్టలేం. ఎర్ర కారం పూసి, అంచుల వెంట నెయ్యి వదిలి, చిటపటలాడుతుండగానే ఆకులో వేస్తాడు. పల్లీ చట్నీ మాత్రం పది దాటితే పలచనైపోద్ది.

ఇక టీవీ. మామూలుగా అందులో క్రికెట్ తప్ప ఇంకోటి ఆడదు. 2025 మే 16న ఐపీఎల్ ఆగిపోయి ఉండబట్టి ఓనరు రిమోట్ నా చేతికిచ్చాడు. రిటైరైన డ్రిల్లు మాస్టార్ని కదా, ఫోన్ కలిపి దోహా డైమండ్ లీగ్ అథ్లెటిక్స్ పోటీలు పెట్టా. మూడో త్రోలో నీరజ్ చోప్రా జావెలిన్, అదే ఈటె, 90.23 మీటర్లు పోయింది. అతను 90 దాటడం అదే మొదలు. లేచి నిలబడింది నేనొక్కణ్ణే.

"స్కోరెంత సార్?" అన్నాడు పక్క బల్ల కుర్రాడు. క్రికెట్‌లో ఎప్పుడొచ్చి కూర్చున్నా ఆ ఒక్క మాటతో ఆట అందుకోవచ్చు. ఇక్కడేం చెప్పను? ఆరు త్రోలు, అన్నిట్లో పెద్దదే లెక్క అని మొదలెట్టేసరికి కెమెరా పరుగు పందెం మీదికి పోయింది. తిరిగొచ్చేసరికి ఇద్దరు విసిరేసున్నారు. పైగా తెర మీద జావెలిన్ పచ్చగడ్డిలో అగ్గిపుల్ల పడ్డట్టుంటుంది.

"తొంభై మీటర్లంటే యాడిదాకా సార్?" దోసెల మాస్టర్ అడిగాడు. రా చూపిస్తా అన్నా. అట్లకాడ పట్టుకునే వచ్చాడు. పొయ్యి కాడ్నుంచి అంగలు లెక్కపెట్టుకుంటా పోతే మందుల షాపు, పంక్చర్ షాపు దాటి కరెంటు స్తంభం దాకా నూట ఇరవై పడ్డాయి. వెనక్కి తిరిగి పొయ్యి మంట చూశాడు. "ఈడికి, చేత్తోనా!"

మేం లోపలికొచ్చేసరికి పట్టికలో పై పేరు మారిపోయింది. జర్మనీ వెబర్, ఆఖరి త్రో, 91.06. టీవీ ముందున్న ఆరుగురిలో ఒక్కడూ చూళ్లేదు. "మనోడు ఓడిపోయాడా?" "రెండోవాడు." "అయితే పాత మ్యాచ్ పెట్టండి సార్."

ఆ నెల 29న విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి కొరియాలో 12.96 సెకన్లలో అడ్డంకులు దూకే హర్డిల్స్ పరిగెత్తి ఆసియా బంగారం కొట్టింది. ఆ రాత్రి ఇక్కడ ఐపీఎల్ క్వాలిఫయర్. ఆ పిల్ల పేరెత్తితే నా మొహం చూశారు.

దోహా రోజు నా దోసె చల్లారిపోయింది. మాస్టర్ అడక్కుండానే ఇంకోటి వేసి, "మళ్లీ ఎప్పుడుంటది సార్ ఇది?" అన్నాడు. టీవీకి రెండు స్టార్లే ఇద్దామనుకున్నా, ఆ మూడోది మాస్టర్‌ది. పోయేవాళ్లు పది లోపు పోండి, చట్నీ కోసం.