శ్రీలంక: మ్యాప్‌లో చిన్నదే, రోడ్డు మీద కాదు

శ్రీలంకకు బయల్దేరే మనవాళ్ల ప్లాన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. కొలంబో, క్యాండీ, నువరఎలియ, ఎల్లా, యాలా, గాలే, మధ్యలో సిగిరియా, వీలైతే ట్రింకోమలీ. దేశం మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు కాబట్టి వారంలో చుట్టేయొచ్చనుకుంటాం. అక్కడికెళ్లి కారెక్కితే గానీ అసలు సంగతి తెలియదు. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లే, మూడున్నర గంటలు పట్టింది. క్యాండీ నుంచి నువరఎలియకు 75 కిలోమీటర్లు, దానికి ఇంకో మూడు గంటలు. రోడ్లకు వంక పెట్టడానికి లేదు. కాకపోతే అన్నీ మలుపులు, పైగా ముందు ఎప్పుడూ ఓ బస్సు. రోజుకో ఊరు చూపిస్తామనే ప్యాకేజీలో మీరు ఎక్కువగా చూసేది కారు కిటికీనే.

ముందు తేల్చుకోవాల్సింది ఏ నెలలో వెళ్తున్నారన్నది. ఈ దీవికి రెండు వర్షాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా పడమర, దక్షిణ తీరాల్లో, కొండల్లో వానలు. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా తూర్పు, ఉత్తరాల వంతు. గాలే, మిరిస్సా సముద్రం చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి లోపు వెళ్లాలి. ట్రింకోమలీ, అరుగం బేలకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మంచిది. మేం వెళ్లింది ఆగస్టులో. అందుకే దక్షిణ తీరం బీచ్‌లు మొత్తం ప్లాన్‌లోంచి తీసేసి, తూర్పుకు ఎక్కువ రోజులు ఇచ్చాం.

తూర్పుకు వెళ్లడానికి మా అమ్మ కూడా ఒక కారణం. ‘లంకాయాం శాంకరీదేవి’ అని అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం రోజూ చదివే మనిషి, శ్రీలంక దాకా వచ్చి ట్రింకోమలీ చూడకుండా ఊరుకుంటుందా! కోణేశ్వరం గుడి ఫ్రెడరిక్ కోట లోపల, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచున ఉంటుంది. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. కోటలో చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, చేతిలో అరటిపండు కనబడితే వెనకే వస్తాయి. ఇక్కడ తమిళం బాగా నడుస్తుంది. అమ్మకు చెన్నైలో ఉన్నప్పుడు వచ్చిన నాలుగు ముక్కలతోనే పూజ సామాను కొనడం దగ్గర్నుంచి ఆటో బేరం దాకా అన్నీ అయిపోయాయి. ఉండటానికి మాత్రం ఊళ్లో కాకుండా ఉత్తరాన నీలావెళి బీచ్ దగ్గర దిగండి. ఆగస్టులో అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది, పిల్లల్ని నీళ్లలోకి వదలడానికి టెన్షన్ అక్కర్లేదు. పిజన్ ఐలాండ్‌కు వెళ్లేటప్పుడు పడవ కిరాయి వేరు, పార్కు టికెట్ వేరు. రెండూ కలిపి ఎంతో ముందే అడిగి ఎక్కండి.

సిగిరియా గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, టికెట్ ఖరీదే గానీ పెట్టొచ్చు. విదేశీయులకు 30 డాలర్ల పైనే. సార్క్ దేశాల వాళ్లకు బాగా తగ్గింపు ఉంది, కానీ పాస్‌పోర్టు చూపిస్తేనే. హోటల్ గదిలో వదిలేసి వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర వాదించడం కళ్లారా చూశాను. ఐదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు ఈ బండ మీద కట్టించిన కోటకు దాదాపు 1200 మెట్లు. పొద్దున్నే మొదలుపెడితే ఎండ ముదిరేలోగా దిగొచ్చు. సగం ఎత్తులో గోడ మీది స్త్రీల చిత్రాలుంటాయి, వాటిని ఫొటో తీయనివ్వరు. ఇంకా పైకి సింహం పాదాల దగ్గరికొస్తే కందిరీగలున్నాయి, గోల చేయొద్దని బోర్డులుంటాయి. అవి ఊరికే పెట్టినవి కావు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది తోటలు, నీటి కొలనులు చూసుకుంటూ కూర్చోవచ్చు. మా అమ్మ అదే చేసింది.

బస విషయంలో ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది సిగిరియా దగ్గరి హోమ్‌స్టే. మామిడితోటలో మూడు గదులు, దోమతెర, వేడినీళ్లు, ఇంటావిడ వంట. రాత్రి భోజనంలో లేత పనసకాయ కూర పెట్టారు, వాళ్లు పొలోస్ అంటారు. మట్టికుండలో గంటల తరబడి మగ్గబెట్టి, గోరకపులి వేసి, ముక్క నల్లబడే దాకా ఉంచుతారు. పనసపొట్టు కూర తిని పెరిగినవాళ్లకు పెద్దగా పరిచయం అక్కర్లేదు. చీకటిపడ్డాక రోడ్డు మీదకు నడిచి వెళ్లొద్దని ఆ ఇంటాయన రెండుసార్లు చెప్పారు. ఆ ప్రాంతంలో అడవి ఏనుగులు రోడ్లెక్కుతాయి. ఏనుగుల్ని చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో మిన్నేరియ చెరువు దగ్గర గుంపులుగా చేరతాయి. అవి ఆ రోజు ఎటు ఉంటే జీపువాళ్లు అటు తీసుకెళ్తారు, కాబట్టి ఫలానా పార్కే కావాలని పట్టుబట్టకండి.

అదే క్యాండీలో దీనికి రెండింతలు పెట్టి తీసుకున్న హోటల్ ఉసూరుమనిపించింది. ఫొటోల్లో సరస్సు ఎదురుగా కనిపిస్తుంది, గుడికి పది నిమిషాల నడక అని రాస్తారు. ఆ పది నిమిషాలూ నిట్టనిలువు ఎక్కుడే. గదిలో తేమ వాసన, పొద్దున టిఫినుకు బ్రెడ్డు, జామ్. క్యాండీలో గది తీసుకునే ముందు కొండ మీదా కిందా అని తప్పక అడగండి. జూలై, ఆగస్టుల్లో పెరహెర ఉత్సవం రోజుల్లో గదుల ధరలు అమాంతం పెరుగుతాయి. బుద్ధుడి దంతం ఉంచిన దంత ధాతువు గుడికి వెళ్తే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోకూడదు. పక్కనే రాజుల ప్యాలెస్. క్యాండీని చివర్లో ఏలింది మదురై వైపు నుంచి వచ్చిన నాయక్కర్ వంశం, మూలాలు తెలుగువే. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహను 1815లో ఇంగ్లిషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపేశారు. మా గైడు ఈ ముక్క చెప్పలేదు, అడిగితే నవ్వాడు.

కారు, డ్రైవరు కలిపి మాట్లాడుకోవడమే కుటుంబాలకు హాయి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌వే టోలు, డ్రైవరు బస ఎవరివో ముందే రాయించుకోండి. చాలా హోటళ్లలో డ్రైవర్లకు పడుకోవడానికి గది ఉంటుంది, ఉందో లేదో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి. మా డ్రైవరు మంచివాడే, బండి నెమ్మదిగా నడిపేవాడు. అయినా మాతలె దగ్గర సుగంధ ద్రవ్యాల తోట ముందు తనంతట తనే ఆపాడు. లోపల దాల్చినచెక్క, యాలకుల చెట్లు చూపించడం ఉచితం. తర్వాత ఓ పాకలో కూర్చోబెట్టి మోకాళ్లకు ఎర్రనూనె రాస్తారు, ముఖానికి గంధం క్రీము రాస్తారు. చివరికి ధరల పట్టీ వస్తుంది. బయట కొట్లో దొరికే దానికి నాలుగైదు రెట్లు. కొనాలని ఏం లేదు, దండం పెట్టి లేచి రావచ్చు. రత్నాల షాపులూ ఇదే పద్ధతి. అవేవీ వద్దని మొదటి రోజే చెబితే డ్రైవరు కూడా ఏమీ అనుకోడు.

క్యాండీ నుంచి ఎల్లా వెళ్లే రైలు గురించి విననివాళ్లు లేరు. రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏజెంట్లు రెట్టింపుకు అమ్ముతారు. మేం నువరఎలియ దగ్గరి స్టేషన్ నానుఓయ నుంచి ఎల్లా వరకే వెళ్లాం. అందమైన భాగం చాలావరకు అక్కడే ఉంది, పిల్లలూ విసుక్కోరు. మేం వచ్చేశాక 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను కొండ రైలుమార్గాన్ని బాగా దెబ్బతీసింది. ఏ భాగం నడుస్తోందో చూసుకున్నాకే ప్లాన్ వేసుకోండి.

శాకాహారులకు ఓ హెచ్చరిక. పోల్ సంబోల్ చూడ్డానికి మన కొబ్బరి పచ్చడే, కానీ అందులో ఉంబలకడ అనే ఎండుచేపల పొడి తరచూ కలుపుతారు. కొన్ని కూరల్లోనూ అంతే. ‘వెజిటేరియన్’ అంటే సరిపోదు, ఉంబలకడ వద్దని పేరు పెట్టి చెప్పండి. పరిప్పు (పప్పు కూర), ఆప్పాలు, ఇడియాప్పాలతో రోజులు గడిచిపోతాయి. గేదె పెరుగులో కితుల్ అనే తాటిజాతి చెట్టు పానకం పోసి ఇచ్చేది మాత్రం వదులుకోకండి. టీ కొట్లో అడక్కుండానే సమోసాలు, రోల్సున్న పళ్లెం తెచ్చి పెడతారు, తిన్నవాటికే లెక్క.

మన రూపాయికి మూడు లంక రూపాయలకు పైనే వస్తాయి. కొన్నిచోట్ల యూపీఐ పనిచేస్తుంది, పల్లెల్లో నోట్లే. ఆటోలకు పిక్‌మీ యాప్ పెట్టుకుంటే బేరం బాధ తప్పుతుంది. ప్రతి పున్నమికీ సెలవు, ఆ రోజు మద్యం అమ్మరు. వీసా కోసం ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) ప్రభుత్వ సైట్‌లోనే చేయండి, అలాంటి పేర్లతో ఎక్కువ గుంజే సైట్లున్నాయి. అంబులెన్సుకు 1990, టూరిస్టు హెల్ప్‌లైన్‌కు 1912. ఈ 1990 సేవ 2016లో భారత్ సాయంతో మొదలైంది, నిలబెట్టింది మన 108 నడిపిన జీవీకే ఈఎంఆర్ఐ వాళ్లే.

తిరుగు విమానం తెల్లవారుజామున ఉంటే ఆఖరి రాత్రి కొలంబోలో వద్దు, నెగొంబోలో ఉండండి. ఎయిర్‌పోర్టు ఉన్న కటునాయకె పక్కనే. టీ పొడి ఊళ్లో సూపర్‌మార్కెట్లోనే కొనేయండి, ఎయిర్‌పోర్టులో అదే డబ్బా చాలా ఎక్కువ. మిగిలిన లంక నోట్లను లోపలికి వెళ్లేముందే మార్చుకోండి, ఇక్కడికొచ్చాక తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.